తాళం వేయని తుపాకి



అమెరికాలో ఏదో బడిలో కాల్పులు జరిగాయని టీవీలో వచ్చిన మర్నాడు, బి.పి. చూపించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళు అడిగేది ఒకటే: "మా మనవలు అక్కడే చదువుతున్నారండీ. ప్రభుత్వం ఆ తుపాకులను ఆపలేదా, డాక్టరు గారూ?" వట్టి ధైర్యం చెప్పి పంపడం మాకు ఇష్టం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

చట్టం పనిచేసిన చోటు ఉంది. స్కాట్లండులోని డన్‌బ్లేన్‌లో 1996 మార్చి 13న ఒక వ్యక్తి లైసెన్సు ఉన్న చేతి తుపాకులతో ప్రాథమిక పాఠశాలలోకి వచ్చి 16 మంది చిన్నపిల్లలను, వారి టీచరును చంపాడు. ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1997లో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు. అటువంటి ఘోరం అక్కడి బడుల్లో మళ్ళీ జరగలేదు.

అమెరికా సంగతి వేరు. అక్కడ తుపాకి ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. జనాభా కన్నా తుపాకులే ఎక్కువని అంచనా. 2020లో రోడ్డు ప్రమాదాలను దాటి, 1 నుండి 19 ఏళ్ళ వారి మరణాలకు తుపాకి మొదటి కారణమైంది. వీటిలో బడుల్లో జరిగేవి చాలా కొద్ది. ఎక్కువ భాగం ఇళ్ళలో, వీధుల్లో జరిగే హత్యలు, ఆత్మహత్యలు. టీవీలో అవి రావు.

అయితే బడికి వచ్చే తుపాకి ఎక్కడిది? 2019లో అమెరికా సీక్రెట్ సర్వీస్ ఇచ్చిన నివేదిక ప్రకారం, బడుల్లో దాడులకు వాడిన తుపాకుల్లో నాలుగింట మూడు వంతులు కన్నవారి ఇంటివో, దగ్గరి బంధువుల ఇంటివో. మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 2021లో నలుగురు విద్యార్థులను చంపిన కుర్రవాడికి 15 ఏళ్ళు. ఆ తుపాకిని తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. 2024లో కోర్టు తల్లికీ తండ్రికీ కూడా జైలుశిక్ష వేసింది. అదే సంవత్సరం, పిల్లలున్న ఇంట తుపాకికి తాళం ఉండాలనే చట్టం ఆ రాష్ట్రంలో అమలులోకి వచ్చింది.

మా వార్డుల్లో పురుగుమందు కేసులు చూసేవాళ్ళం కాబట్టి ఈ చట్టం విలువ మాకు తేలిగ్గా అర్థమవుతుంది. కోపం వచ్చిన గంటలో డబ్బా చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. పోలిక పూర్తిగా సరిపోదు లెండి; బడిలో కాల్చేవాళ్ళు చాలామంది ముందుగా ఆలోచించుకునే చేస్తారు. అయినా 15 ఏళ్ళవాడు దుకాణానికి వెళ్ళి తుపాకి కొనలేడు. ఇంట్లో దొరకకపోతే అతని దారి కష్టమవుతుంది.

తాళం ఒక్కటే చాలదు. 2022లో టెక్సాస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపినవాడు 18 నిండిన కొద్ది రోజులకే చట్టప్రకారం రైఫిలు కొన్నాడు. అక్కడ కావలసింది వయసు పరిమితి పెంచడం. ఫ్లోరిడా 2018లో దాన్ని 21కి పెంచింది. ఏ చట్టమూ అన్నిటినీ ఆపదు, కానీ కొన్నిటిని ఆపగలిగినా ఆ పిల్లలు ఇంటికి వస్తారు కదా.

అమెరికాలో మీ అబ్బాయి, కోడలు ఉంటే ఈసారి ఫోనులో ఒక మాట చెప్పండి. ఇంట్లో తుపాకి ఉంటే గుండ్లు తీసేసి, తాళం వేసి, గుండ్లను వేరే చోట తాళంలో పెట్టమనండి. మనవడిని స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపే ముందు, "మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళం వేశారా?" అని అడగమని అక్కడి పిల్లల డాక్టర్లే చెబుతున్నారు. ఏమనుకుంటారో అని మొహమాటపడనక్కరలేదు. మా వాడికి వేరుసెనగ పడదండీ అని చెప్పినంత మామూలుగా అడగవచ్చు.