దూరపు డేటాబేసు తలుపు తీయనప్పుడు

హోసూరులోనో బరంపురంలోనో పెద్దల నోట వినే తెలుగు మాటలను పోగుచేసి, అద్దెకు తీసుకొన్న వెబ్ హోస్టింగులో మైఎస్‌క్యూఎల్ డేటాబేసుగా ఉంచుదామనుకొనే విద్యార్థికి ఒక చిక్కు తప్పకుండా ఎదురవుతుంది. వెబ్‌సైటు చక్కగా నడుస్తుంది గాని, ఇంటి కంప్యూటరునుండి అదే డేటాబేసును తెరవబోతే తెరుచుకోదు. హోస్టింగువారికి వ్రాస్తే "మా వైపు అంతా సవ్యంగానే ఉన్నది" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అది అబద్ధం కాకపోవచ్చు కూడా. వెబ్‌సైటు, డేటాబేసు తరచు ఒకే యంత్రంలో ఉంటాయి. వాటి సంభాషణ గడప దాటదు. మీరేమో బయటినుండి వస్తున్నారు. ఏ తలుపు మూసి ఉన్నదో మీరే కనిపెట్టాలి.

అందుకు ఆధారం తెరపై వచ్చే దోషసంఖ్య. చాలామంది దానిని చదవకుండానే మూసివేస్తారు. 2003 అని వస్తే మీ పిలుపు డేటాబేసు దాకా పోలేదన్నమాట. దాని పక్కనే మరో సంఖ్య ఉంటుంది. లైనక్సులో 111, విండోస్‌లో 10061 అయితే పిలుపును వెంటనే తిరగగొట్టారు: సాధారణంగా 3306వ పోర్టు వద్ద బయటివారికోసం వినేవారు లేరని అర్థం. సర్వరును 127.0.0.1 అనే సొంత చిరునామాకే కట్టివేస్తే ఇలా జరుగుతుంది. 110 గాని 10060 గాని అయితే, చాలాసేపు ఎదురుచూసినా బదులు రాలేదు. దారిలో ఏదో ఫైర్‌వాల్ పిలుపును మింగివేసి ఉంటుంది. అది హోస్టింగువారిదే కానక్కరలేదు, మీ హాస్టలుదైనా కావచ్చు. ఫోను డేటాతో ఒకసారి ప్రయత్నించండి. అప్పుడు 1130 వచ్చినా మేలే, పిలుపు చేరినట్లే గదా!

1130 అంటే మీ ఐపీ చిరునామాకు అనుమతి లేదని. 1045 అంటే పేరు, సంకేతపదం కుదరలేదని. ఇక్కడొక మెలిక ఉన్నది. మైఎస్‌క్యూఎల్ లెక్కలో ఖాతా అంటే పేరొక్కటే కాదు, పేరూ వచ్చే చోటూ కలిసి. లోపలినుండి వచ్చే 'రమ', బయటినుండి వచ్చే 'రమ' వేరువేరు మనుషులు. సి-ప్యానెల్ ఉన్నచోట డేటాబేసుకు బయటి ప్రవేశాన్ని అనుమతించే పుటలో మీ చిరునామా చేర్చవచ్చు. ఇళ్ళలో ఆ చిరునామా మారుతూ ఉంటుంది కనుక నిన్న పనిచేసినది నేడు పనిచేయదు. విసిగి శాతం గుర్తు పెట్టి లోకమంతటికీ తలుపు తెరవకండి.

చవక పథకాలలో బయటి ప్రవేశమే ఉండకపోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చి ఉంటే సొరంగం వేసుకోవచ్చు: మీ కంప్యూటరులోని 3307వ పోర్టును అక్కడి 127.0.0.1లోని 3306కు కలిపితే, డేటాబేసు మిమ్మల్ని ఇంటివారనే అనుకొంటుంది. లైనక్సులో చిరునామాగా లోకల్‌హోస్ట్ అని కాక 127.0.0.1 అనే వ్రాయాలి; లేకుంటే మైఎస్‌క్యూఎల్ ఆదేశం పోర్టును పట్టించుకోకుండా ఈ కంప్యూటరులోని సాకెట్ ఫైలుకోసం వెదుకుతుంది.

హోస్టింగువారికి మళ్ళీ వ్రాసేటప్పుడు "పనిచేయడం లేదు" అనకండి. దోషసంఖ్య, సమయం, మీ ఐపీ తెలిపి, అవును-కాదు అని చెప్పక తప్పని ప్రశ్నలు వేయండి: ఈ పథకంలో 3306 బయటివారికి తెరిచి ఉన్నదా? డేటాబేసు సర్వరు పేరు వెబ్‌సైటు పేరేనా? ఎస్‌ఎస్‌హెచ్ ఉన్నదా?

తలుపు తెరుచుకొన్నాక తొందర పడవద్దు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు కావాలి. పట్టికకూ, కనెక్షనుకూ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పి, ముందు ఒక నకలు దించుకొని, ఒకే ఒక మాట వ్రాసి చదివి చూడండి. పట్టికలోనే ప్రశ్నార్థకాలుగా మారి నిలిచిన మాటను, నకలు లేకపోతే, ఎవరూ తిరిగి తేలేరు.