కాటమరాన్ హౌస్‌బోటు దూరప్రయాణానికి పనికొస్తుందా? స్పెక్ షీట్‌లో అసలు చూడాల్సినవి ఇవే

ఫోన్లు, పవర్ బ్యాంకులు రివ్యూ చేసే చోట బోటు గోల ఏంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. అమెరికాలో టెన్నెసీలో ఉంటున్న మా పెదనాన్నగారి అబ్బాయి రిటైర్ అయ్యాక ఇల్లు అమ్మేసి, కాటమరాన్ హౌస్‌బోటు కొని, వదినతో కలిసి ‘గ్రేట్ లూప్’ తిరుగుతానంటున్నాడు. “నువ్వు స్పెక్స్ బాగా చదువుతావు కదరా, ఒకసారి చూడు” అని బ్రోచర్ పంపాడు. 40 అడుగుల పొడవు, రెండు బెడ్‌రూములు, పైకప్పు నిండా సోలార్ ప్యానెళ్లు, 60 కిలోవాట్-అవర్ల లిథియం బ్యాటరీ, ఇండక్షన్ స్టవ్. ఫోటోలు చూస్తే నాకే కొనాలనిపించింది. కానీ ఇల్లు అమ్మి కొనే వస్తువు కదా, ఫోన్‌లాగా పది రోజుల్లో రిటర్న్ చేసేది కాదు. అందుకే కాస్త లోతుగా చూశాను.

ముందు గ్రేట్ లూప్ అంటే ఏంటో చెప్తాను. అమెరికా తూర్పు భాగం చుట్టూ నదులు, కాలువలు, గ్రేట్ లేక్స్, సముద్ర తీరం కలుపుకుంటూ తిరిగే సుమారు 6,000 మైళ్ల జలమార్గం ఇది. చాలామంది ఏడాది తీసుకుంటారు. ఎక్కువ భాగం గట్ల మధ్యన నిదానంగా సాగే ప్రయాణమే. అయితే ఫ్లోరిడాలో క్యారబెల్ నుంచి టార్పన్ స్ప్రింగ్స్‌కి నేరుగా వెళ్తే సుమారు 170 మైళ్లు గల్ఫ్ సముద్రం దాటాలి. లేక్ మిషిగన్ కూడా గాలి లేస్తే సముద్రంలాగే ఉంటుంది. ఫోన్ కెమెరాని మనం మిట్టమధ్యాహ్నం ఎండలో కాదు, రాత్రి పెళ్లి మండపంలో టెస్ట్ చేస్తాం కదా. బోటును కూడా ప్రశాంతంగా ఉన్న 300 రోజులు కాదు, ఆ కష్టమైన రెండు మూడు రోజులే తేలుస్తాయి.

రెండు హల్స్ ఉన్నవన్నీ ఒకటి కాదు

హల్ అంటే నీళ్లలో తేలే కింది పొట్టు. కాటమరాన్‌కి అవి రెండు, మధ్యలో ఇల్లు. (ఈ మాట తమిళ ‘కట్టుమరం’ నుంచే వచ్చింది. విశాఖ తీరంలో మన మత్స్యకారులు దుంగలు కట్టి వేసుకునే తెప్ప దీనికి దూరపు చుట్టం.) కానీ అదే పేరుతో అమ్మేవాటిలో కొన్నిటికి కింద ఉండేవి అసలు హల్స్ కావు, అల్యూమినియం గొట్టాలు. చెరువులో పార్టీకి అవి భేష్. అల ఎదురొస్తే మాత్రం ముందు కొన పైకి లేవదు, అలలోకి దూరుతుంది. ముక్కు పదునుగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతోందా అని చూడండి. లేకపోతే మిగతా స్పెక్స్ చదవక్కర్లేదు.

బ్రోచర్‌లో దొరకని నంబర్

రెండు హల్స్ మధ్యనున్న అడుగుభాగాన్ని బ్రిడ్జ్‌డెక్ అంటారు. నీటి మట్టం నుంచి దాని ఎత్తెంత? నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన స్పెక్ ఇదే. అన్నయ్య పంపిన 24 పేజీల బ్రోచర్‌లో ఇది ఎక్కడా లేదు!

ఎత్తు తక్కువైతే ప్రతి ఎదురు అలా కింది నుంచి నేలని గుద్దుతుంది. దీన్ని స్లామింగ్ అంటారు. కప్పులు దొర్లుతాయి, నిద్ర ఉండదు, గంటల తరబడి అలాగే సాగితే జాయింట్లు వదులవుతాయి. బోటు పొడవులో కనీసం 5-6 శాతం ఉండాలన్నది ఒక మోటు లెక్క. అంటే 40 అడుగుల బోటుకి 2 అడుగులకు పైమాటే. హౌస్‌బోటు తయారీదారులకి ఇక్కడ చిక్కు ఉంది. లోపల నిలబడేంత ఎత్తు కావాలి, వంతెనల కింద దూరాలి కాబట్టి పైకప్పు పెరగకూడదు. దాంతో నేలనే కిందికి దించేస్తారు.

పైగా, ఆ ఎత్తు ఖాళీ బోటుదా, సామాన్లు ఎక్కించాక కొలిచిందా అని అడగాలి. కాటమరాన్ హల్స్ సన్నగా ఉంటాయి కాబట్టి బరువు పడితే త్వరగా దిగుతాయి. నేను వేసిన లెక్క చూడండి. ఒక్కో హల్ 12 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు అనుకుంటే, కొనలు సన్నబడటం తీసేసి నీటి మీద విస్తీర్ణం రెండిటికీ కలిపి 18 చదరపు మీటర్లు. అంటే ప్రతి 180 కిలోలకి బోటు ఒక సెంటీమీటరు దిగుతుంది. మంచినీళ్లు 400 లీటర్లంటే 400 కిలోలు, డీజిల్ 400 లీటర్లంటే సుమారు 340. వాషింగ్ మెషీన్, ఏసీలు, చిన్న బోటు, సైకిళ్లు, వదిన బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు కలుపుకుంటే 1,800 కిలోలు సులువుగా దాటుతుంది. 10 సెంటీమీటర్లు పోయాయి! ఉన్నదే 60 అయితే మిగిలింది 50. అందుకే గదులెన్ని అని కాదు, ఎంత బరువు మోస్తుంది అని ముందు అడగండి.

ఐపీ68 లాంటిది బోటుకీ ఉంది

యూరప్‌లో అమ్మే బోట్లకి ఎ, బి, సి, డి అని డిజైన్ కేటగిరీలు ఉంటాయి. డి అంటే చిన్న చెరువులు, కాలువలు. సి అంటే బోఫోర్ట్ స్కేల్‌పై 6 వరకు గాలి, 2 మీటర్ల వరకు అలలు. బి అంటే 8 వరకు గాలి, 4 మీటర్ల అలలు. ఎ అంతకు మించి. లూప్‌కి వాతావరణం చూసుకుని బయల్దేరితే సి చాలు, బి అయితే నిశ్చింత. ఇక్కడో మెలిక ఉంది. ఒకే బోటుకి ‘బి-లో 8 మంది, సి-లో 12 మంది’ అని రెండు రేటింగులు ఉండొచ్చు, బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఏది వేస్తారో మీకు తెలుసు. అమెరికాలో ఇది తప్పనిసరి కాదు కాబట్టి, లేకపోతే అడిగి తీరాలి.

సోలార్‌తో ఎంత దూరం?

మన సైట్ చదివేవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఆ పైకప్పు మీద మహా అయితే 6 కిలోవాట్ల ప్యానెళ్లు పడతాయి. మంచి ఎండ రోజున 24 యూనిట్లు వస్తాయనుకుందాం. ఫ్రిజ్, వంట, కాస్త ఏసీకి సగం పోతుంది. మిగిలిన 12 యూనిట్లతో, గంటకు 8 యూనిట్లు తాగే ఇలాంటి పెట్టెలాంటి బోటు 5 నాట్ల వేగంతో గంటన్నర నడుస్తుంది. 170 మైళ్ల గల్ఫ్ దాటడానికి అదే వేగంతో 30 గంటలు, అంటే 240 యూనిట్లు కావాలి. బ్యాటరీలో ఉన్నది 60.

సోలార్‌తో ప్రపంచం చుట్టిన కాటమరాన్ నిజంగానే ఉంది. ‘ప్లానెట్ సోలార్’ 2010 సెప్టెంబర్‌లో మొనాకోలో బయల్దేరి 2012 మేలో తిరిగొచ్చింది. కానీ దాని మీద 537 చదరపు మీటర్ల ప్యానెళ్లు ఉన్నాయి. అది బోటు ఆకారంలో ఉన్న ప్యానెల్, ఇల్లు కాదు. కాబట్టి సోలార్‌ని ఇంటి కరెంటుకి లెక్కేసుకోండి, ప్రయాణానికి డీజిలే. మిసిసిపీ వైపు 200 మైళ్లకు పైగా ఇంధనం దొరకని దారి ఉంది కాబట్టి ట్యాంకు రేంజ్ దానికి సరిపోవాలి.

జనరేటర్ ఉంటే దాని పొగ ఎక్కడికి వెళ్తుందో స్వయంగా వంగి చూడండి. 2000లో లేక్ పావెల్‌లో హౌస్‌బోట్ల వెనక ప్లాట్‌ఫాం కింద కార్బన్ మోనాక్సైడ్ చేరి ఈతకొట్టేవాళ్లు చనిపోయిన సంగతిపై అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ పరిశోధన చేసింది. ఈ విషయంలో బేరం వద్దు.

కొలతలు కూడా చూసుకోవాలి. షికాగో దగ్గర తప్పించుకోలేని వంతెన ఎత్తు సుమారు 19 అడుగుల 6 అంగుళాలు. కెనడాలో ట్రెంట్-సెవర్న్ కాలువ గుండా వెళ్లాలంటే వెడల్పు 23 అడుగులు మించకూడదు. గోడల్లాంటి పక్కల మీద 20 నాట్ల అడ్డగాలి తగిలితే, నా లెక్క ప్రకారం 300 కిలోల తోపు. అయితే ఇంజన్లు రెండూ ఎడంగా ఉంటాయి కాబట్టి రేవులో తిప్పడం మామూలు బోటు కన్నా సులువే. లంగరు వేశాక ఊగదు, లోతు తక్కువ ఉన్నచోటికీ వెళ్తుంది. రెండు బెడ్‌రూముల సుఖం నిజమే.

అన్నయ్యకి నేను చెప్పింది ఇదీ: డీలర్ దగ్గర ఖాళీ బోటులో, పొద్దున్నే అద్దంలా ఉన్న నీళ్ల మీద ట్రయల్ వద్దు. ట్యాంకులు రెండూ నింపించు, ఆరుగురిని ఎక్కించు, గాలి లేచిన మధ్యాహ్నం పెద్ద సరస్సులోకి తీసుకెళ్లమను. రెండడుగుల అలకి ఎదురుగా అరగంట నడిపి, నువ్వు స్టీరింగ్ దగ్గర కాదు, ముందు బెడ్‌రూములో మంచం మీద పడుకో. డీలర్ ఒప్పుకోకపోతే వేరే బోటు చూద్దాం.