చలివానలో పరుగు ఎందుకు నెమ్మదిస్తుంది?

పరుగెడితే ఒళ్లు వేడెక్కుతుంది. మరి చల్లని వాన పడితే ఇంకా జోరుగా పరుగెత్తొచ్చు కదా? నిజమే, పొడి చలి మారథాన్‌కు మేలే చేస్తుంది. చిక్కంతా తడితోనే.

తలంటుకున్నాక తడి జుట్టుతో ఫ్యాన్ కింద కూర్చున్నావా ఎప్పుడైనా? ఒక్క నిమిషంలో వణుకు మొదలవుతుంది. గాలికంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. తడి ఆరుతూ ఇంకొంత పట్టుకుపోతుంది. గాలి వీస్తే మరీనూ. అప్పుడు శరీరం, గుండె మెదడు వెచ్చగా ఉంటే చాలనుకుని, చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. వేళ్లు మొద్దుబారి గ్లౌజు తొడుక్కోవడమే గగనమవుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. వణుకు కూడా కండరాల పనే కాబట్టి, పరుగుకు దాచుకున్న శక్తిని అదీ తినేస్తుంది.

2018 బోస్టన్ మారథాన్‌లో అదే జరిగింది. చలివాన, పైగా ఎదురుగాలి. 2017లో విజేత 2 గంటల 9 నిమిషాల 37 సెకన్లలో ముగించాడు. ఈసారి గెలిచిన జపాన్ వీరుడు యూకీ కవౌచికి 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లు పట్టింది. అప్పట్లో ఆయన ఒక బడి ఆఫీసులో ఉద్యోగి!

నువ్వూ వానలో తడిస్తే, ముందు తడిబట్టలు మార్చుకో. దుప్పటి ఆ తర్వాతే.