జొన్నరొట్టెకు తిరిగొచ్చిన గౌరవం

జొన్నలు, ఆకుకూరలు ఒంటికి మంచివని మనందరికీ తెలుసు. మరి రోజూ ఎందుకు తినం? తెలియడం వేరు, 'నేను చేయగలను' అనే ధీమా వేరు. ఈ ధీమా ఉపన్యాసాలతో అంతగా రాదనీ, స్వయంగా చేసినప్పుడు, తనలాంటివారు చేస్తుండగా చూసినప్పుడు బాగా పెరుగుతుందనీ మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లో వివరించారు.

జహీరాబాద్ ప్రాంతమే ఇందుకు ఉదాహరణ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న, కొర్ర వెనుకబడ్డాయి. 'పేదల తిండి' అన్న చిన్నచూపు పెరిగింది. కానీ బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు తవుడుతోపాటు పీచు, ఖనిజాలు చాలావరకు పోతాయి. జొన్నరొట్టెలో అవి మిగులుతాయి.

అదే ఏడాది మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు ఊరూరా సంఘాలు కట్టారు. బీళ్లను సాగుచేసి జొన్న పండించారు. ఊళ్లోనే నిల్వచేసి నిరుపేదలకు చౌకగా ఇచ్చారు. పక్కింటామె పండించి, వండి, తింటుంటే చిన్నతనం ఎక్కడిది? 2019లో ఈ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి లభించింది.

సంఘమంటే పల్లెలోనే ఉండాలని లేదు. భిలాయి సెక్టర్ 2 లాంటి ఉక్కు కార్మికుల కాలనీలోనైనా పది ఇళ్లవారు కలిసి వారానికొక వంట చేసి చూడవచ్చు. మీ వీధిలో మీరే మొదలుపెట్టకూడదూ?