మరపును ముందే పసిగడితే...

పోపులడబ్బా ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం మతిమరుపు. నలభై ఏళ్లుగా పెడుతున్న పప్పుచారులో తర్వాత ఏం వేయాలో తోచక పొయ్యి ముందు నిలబడిపోతే... అది జబ్బు కావచ్చు!

ఈ తేడాను చాలా ఇళ్లలో పట్టించుకోరు. ‘వయసు మీద పడింది, మామూలే’ అని ఊరుకుంటారు. ఒకప్పుడు అలా ఊరుకున్నా పెద్దగా పోయేదేమీ ఉండేది కాదు. ఆస్పత్రికి తీసుకెళ్లినా వైద్యులు చేయగలిగింది తక్కువే. ఇప్పుడు పరిస్థితి మారింది. కొత్త మందులూ కొత్త పరీక్షలూ వచ్చాయి. వాటన్నిటి సారాంశం ఒక్కటే... అల్జీమర్స్‌ను ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారు. వారిలో 60 నుంచి 70 శాతం మందికి కారణం అల్జీమర్సే. మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా వేసింది.

గడ్డలు... చిక్కుముళ్లు

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రికి అగస్టె డీటర్ అనే 51 ఏళ్ల మహిళను తీసుకొచ్చారు. ఆమెకు ఏదీ గుర్తుండటం లేదు. ఆమెను పరీక్షించిన వైద్యుడే అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలిస్తే రెండు వింతలు కనిపించాయి. కణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు. ఆ గడ్డలు బీటా అమిలాయిడ్ అనే ప్రొటీన్‌వనీ పోగులు టౌ అనే ప్రొటీన్‌వనీ తేలడానికి 1980ల దాకా ఆగాల్సివచ్చింది.

ఆ తర్వాత తెలిసిన విషయం ఇంకా ముఖ్యమైనది. మతిమరుపు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందే మెదడులో అమిలాయిడ్ పేరుకోవడం మొదలవుతుంది. అంటే, డెబ్భైలో కనిపించే జబ్బుకు యాభైల్లోనే పునాది పడుతోందన్నమాట!

మందులొచ్చాయి... కానీ!

1996లో అమెరికాలో అనుమతి పొందిన డొనెపెజిల్, ఆ తర్వాత వచ్చిన మెమాంటిన్ లాంటి మందులు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అవి లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి తప్ప జబ్బు మూలాన్ని తాకవు. ఆ మూలాన్నే తాకాలని శాస్త్రవేత్తలు అమిలాయిడ్‌ను తొలగించే యాంటీబాడీల వెంటపడ్డారు. ఎన్నో ప్రయోగాలు విఫలమయ్యాయి. 2021లో అడుకానుమాబ్‌కు అమెరికా అనుమతి ఇచ్చినా అది నిజంగా పనిచేస్తుందా అన్న వివాదం వెంటాడింది. 2024లో కంపెనీయే దాన్ని పక్కన పెట్టేసింది.

అసలు మలుపు 2023 జులైలో వచ్చింది. లెకానెమాబ్‌కు అమెరికా పూర్తిస్థాయి అనుమతి ఇచ్చింది. దాదాపు 1800 మంది మీద 18 నెలలపాటు జరిపిన ప్రయోగంలో, రెండు వారాలకోసారి ఈ మందును నరానికి ఎక్కించినవారిలో జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. 2024 జులైలో నెలకోసారి ఎక్కించే డొనానెమాబ్ కూడా వచ్చింది.

అలాగని పోయిన జ్ఞాపకాలు తిరిగొస్తాయనుకుంటే పొరపాటే. ఈ మందులు జబ్బును ఆపలేవు, నెమ్మదింపజేస్తాయంతే. లెకానెమాబ్ ప్రయోగంలో మందు వాడినవారికీ వాడనివారికీ మధ్య తేడా 18 పాయింట్ల కొలమానంలో అరపాయింటు కూడా లేదు. ఆ తేడా ఇంట్లోవాళ్లకు తెలిసేంత ఉంటుందా అని కొందరు వైద్యులు ప్రశ్నిస్తున్నారు. మెదడులో వాపు, రక్తస్రావం లాంటి దుష్ప్రభావాలూ ఉన్నాయి. ఏపీఓఈ4 అనే జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. అందుకే మధ్యమధ్యలో ఎమ్మారై స్కాన్లు తప్పనిసరి. ఖర్చూ తక్కువేం కాదు. అమెరికాలో లెకానెమాబ్‌కు మొదట నిర్ణయించిన ధర ఏడాదికి 26,500 డాలర్లు.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకోటుంది. ఈ మందులు జబ్బు తొలిదశలో ఉన్నవారికే. ముదిరిపోయాక ఇవ్వరు.

చారెడు రక్తం అక్కర్లేదు

మరి తొలిదశలో పట్టుకోవడమెలా? ఒకప్పుడు మనిషి చనిపోయాక మెదడును పరీక్షిస్తేగానీ అల్జీమర్స్ అని కచ్చితంగా చెప్పలేకపోయేవారు. ఆ తర్వాత ఖరీదైన పెట్ స్కాన్, వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష వచ్చాయి. ఇప్పుడు కాస్త రక్తం చాలు. అందులోని పీ-టౌ 217 అనే ప్రొటీన్‌నూ అమిలాయిడ్‌నూ పోల్చిచూసే పరీక్షకు 2025 మేలో అమెరికా ఆమోదముద్ర వేసింది. అయితే ఇది 55 ఏళ్లు దాటి, లక్షణాలు కనిపిస్తున్నవారి కోసమే. ఏ ఇబ్బందీ లేనివారు సరదాగా చేయించుకునే పరీక్ష కాదు.

హైదరాబాద్ చెప్పిన సంగతి

మందుల సంగతి అలా ఉంచితే, మెదడుకు తనను తాను కాచుకునే శక్తీ కొంత ఉంది. దానికి మంచి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే దొరికింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువుకోనివారిలోనూ ఇదే కనిపించింది! ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే నగరవాసుల నాలుక, తెలియకుండానే మెదడుకు కసరత్తు చేయిస్తోందన్నమాట.

2024లో ‘లాన్సెట్’ నిపుణుల బృందం 14 ముప్పు కారణాల జాబితా ఇచ్చింది. బీపీ, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, అతిగా మద్యం, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం, వినికిడి లోపం, చూపు తగ్గడం, తలకు దెబ్బలు, కుంగుబాటు, ఒంటరితనం, తక్కువ చదువు, వాయు కాలుష్యం. వీటన్నిటినీ సరిదిద్దగలిగితే డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా. అమెరికాలో 2,111 మంది మీద రెండేళ్లు జరిపిన అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. వ్యాయామం, మంచి తిండి, మెదడుకు పని, నలుగురితో కలవడం... వీటిని ఒక పద్ధతి ప్రకారం, పర్యవేక్షణలో పాటించినవారి ఆలోచనాశక్తి ఎక్కువగా మెరుగుపడింది.

ఎప్పుడు వెళ్లాలి?

అడిగిందే అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్కల్లో తికమక, మాటల కోసం వెతుక్కోవడం, స్వభావం మారిపోవడం... ఇవి రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే న్యూరాలజిస్టును కలవాలి. అన్నీ అల్జీమర్సే కానక్కర్లేదు. బీ12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం కూడా ఇలాగే కనిపిస్తాయి. వాటికి చికిత్స ఉంది. ‘మామూలే’ అనుకుంటే ఆ అవకాశమూ చేజారుతుంది.

ఒకవేళ అల్జీమర్సే అని తేలినా తొందరగా తెలియడంలో మేలుంది. ఎవరి దగ్గర ఉండాలి, పొలం కాగితాలు ఎవరికి అప్పగించాలి, బ్యాంకు ఖాతా ఎవరు చూడాలి... ఇవన్నీ ఆ పెద్దాయనో పెద్దావిడో సొంత నోటితో చెప్పుకునే సమయం దొరుకుతుంది. ఏ మందూ ఇవ్వలేనిది అది.