నూనె వేరు, నీళ్ళు వేరు

తంగళ్ళపల్లికి, సిరిసిల్లకు నడుమ మానేరు వాగు ఉంది. ఈ చుట్టుపక్కల సాంచెలు ఉన్నాయి. ట్రాక్టర్లు, లారీలు ఉన్నాయి. సాంచెకు నూనె కావాలి. బండికి ఇంజన్ ఆయిల్ కావాలి. బండిని కడిగితే ఆ నూనె నీళ్ళతో కలిసి మోరీలో పడుతుంది. మోరీ నీళ్ళు ఎటు పోతాయి? పల్లానికి పోతాయి. వాగులోనో, చెరువులోనో కలుస్తాయి. కొన్ని భూమిలో ఇంకుతాయి. బాయి నీళ్ళు పాడవుతాయి.

కొంచెం నూనెతో ఏమవుతుంది అనుకోవద్దు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లాండులో ఒక చెరువు మీద చెంచాడు నూనె పోసి చూశాడు. అది దాదాపు అర ఎకరం పరుచుకుంది. ఆ సంగతి 1774లో అచ్చయింది. నూనె పొర కమ్మితే నీళ్ళకు గాలి సరిగా అందదు. చేపలకు ఊపిరాడదు.

మరి నూనెను వేరు చేసేదెట్లా?

కూర చల్లారినాక నూనె పైకి తేలుతుంది కదా! లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. లీటరు ఇంజన్ ఆయిల్ సుమారు 880 గ్రాములే తూగుతుంది. తేలికది పైకి వస్తుంది. అయితే నీళ్ళు నిలకడగా ఉండాలి. గంటెతో కలిపితే తేలదు.

ఈ సూత్రం మీదనే మూడు అరల తొట్టి కడతారు. మొదటి అరలో మట్టి, ఇసుక అడుగుకు దిగుతాయి. రెండో అరలో నీళ్ళు మెల్లగా కదులుతాయి. నూనె పైకి తేలుతుంది. అక్కడ ఒక వంపు గొట్టం ఉంటుంది. దాని మూతి నూనె పొరకు కింద, నీళ్ళలో మునిగి ఉంటుంది. అందుకే నీళ్ళే మూడో అరకు పోతాయి. నూనె ఆగిపోతుంది.

తొట్టి కట్టగానే పని అయిపోదు. నూనె పొర మందమై గొట్టం మూతి దాకా వస్తే నూనె కూడా బయటికి పోతుంది. కాబట్టి వారం వారం చూడాలి. తేలిన నూనెను తీసి మూత ఉన్న డబ్బాలో పోయాలి. అడుగు మట్టిని ఎత్తాలి. కడిగినాక తొట్టిని మంచి నీళ్ళతో నింపాలి. ఖాళీగా వదిలితే నూనె గొట్టంలోంచి జారిపోతుంది. బండ్లు కడిగేటప్పుడు సబ్బు ఎక్కువ వాడొద్దు. సబ్బు నూనెను సన్నని చుక్కలుగా చేస్తుంది. అవి తొందరగా తేలవు.

తొట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించొద్దు. లోతు తొట్టిలోకి ఎవరూ దిగొద్దు, ఎవరినీ దింపొద్దు. లోపలి చెడు గాలికి ప్రాణాలే పోతాయి. పై నుంచే తీయాలి. తీసిన నూనెను కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి.

విశాఖ రేవుకు వచ్చే పెద్ద ఓడలకూ ఇట్లాంటి నియమం ఉంది. ఓడ వదిలే ఇంజన్ గది నీళ్ళలో పది లక్షల పాళ్ళకు 15 పాళ్ళకు మించి నూనె ఉండరాదు. సముద్రానికే ఇంత జాగ్రత్త ఉంటే మన బాయికి ఎంత ఉండాలి?

ఊర్లో బండ్లు కడిగే చోటు ఉందా? గ్రామసభలో అడగండి. తొట్టి కట్టారా? నూనె ఎప్పుడు తీశారు? ఎక్కడికి పంపారు? నీళ్ళు మోసేవారికి, తాగేవారికి అడిగే హక్కు ఉంది.