మాధుకరం నుండి గీతాగానం వరకు

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారి, నగరాన్ని చుట్టివచ్చే వలయ మార్గం కలిసికొనేచోట మా పెద్ద అంబర్‌పేట ఉన్నది. పగలనక రాత్రనక వాహనాల రొద తగ్గని తావు. ఆ రొదలో అప్పుడప్పుడు ఒక కంఠం వినవస్తుంది. పూలదండలు కట్టిన వైకుంఠ రథం మెల్లగా సాగిపోతుంది. దానిమీది మైకులో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు భగవద్గీత పాడుతూ ఉంటారు. దారినపోయేవారు ఒక్క క్షణం ఆగి నమస్కరిస్తారు. రథం దాటిపోతుంది. లోకం మళ్ళీ తన పరుగులో పడుతుంది.

ఒకనాడు తరగతిలో పద్యపఠనాన్ని గురించి చెబుతూ ఘంటసాలవారి పేరెత్తినాను. వెనుక బల్లనుండి ఒక విద్యార్థి, "శవాల బండిమీద పాడేది ఆయనే గదా సార్!" అన్నాడు. తరగతి అంతా గొల్లున నవ్వినది. ఒక్క పిల్లవాడు మాత్రం నవ్వలేదు. ఆ ఏడే అతని తండ్రి కాలం చేసినాడు. అంతకుముందు కళాశాల సభలలో ప్రార్థన పాడేవాడు. తండ్రి పోయిన తరువాత ఎవరు పాడమన్నా తల అడ్డంగా ఊపుతున్నాడు. అతని ముఖం చూచిన తరువాత నాకు పాఠం సాగలేదు. పుస్తకం మూసి, ఆ కంఠం వెనుకనున్న కథ చెప్పినాను. ఆనాడు చెప్పినదే కొంత విపులంగా ఇక్కడ వ్రాస్తున్నాను. విద్యార్థులకంటె ముందుగా నావంటి ఉపాధ్యాయులు మననం చేసికొనదగిన కథ అది.

తండ్రి కోరిక

ఘంటసాల 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లాలో గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో జన్మించినాడు. తల్లి రత్తమ్మగారు, తండ్రి సూరయ్యగారు. సూరయ్యగారు మృదంగం వాయించేవారు. నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. పసివాడైన కొడుకును భుజాలమీద ఎక్కించుకొని భజనలకు తీసికొనిపోయేవారు. తండ్రి తరంగం ఎత్తుకొంటే కొడుకు దానికి తగినట్లు చిందులు వేసేవాడు. చూచినవారు ముచ్చటపడి 'బాల భరతుడు' అని పిలిచినారు.

ఆ ముచ్చట పదకొండేళ్ళతో ముగిసినది. సూరయ్యగారు జబ్బుపడినారు. సంగీతం గొప్పతనాన్ని కొడుకుకు బోధించి, నీవు గొప్ప విద్వాంసుడవు కావలెనని కోరి కన్నుమూసినారు. కుటుంబభారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారిమీద పడినది.

పదకొండేళ్ళ బాలునికి తండ్రి మరణమే పెద్ద దెబ్బ. పోతూపోతూ ఆయన కోరిన కోరిక అంతకుమించిన బరువు. పాడితే తండ్రి గుర్తుకు వస్తాడు. పాడకుంటే తండ్రి మాట తప్పినట్లవుతుంది. ఈ రెండింటి నడుమ నలిగే పిల్లవాని మనసు పెద్దలకు కనబడదు. 'వీడికి చదువుమీద ధ్యాస లేదు' అని మనం తేల్చివేసే పిల్లలలో ఇటువంటివారు ఎందరున్నారో!

ఆ పుండుమీద కారం చల్లినట్లు మరొకటి జరిగినది. శాస్త్రీయ శిక్షణ లేకుండానే సంగీతపు పోటీలో పాల్గొని, విద్య తెలిసినవారి ఎదుట నిలువలేక, ఆ బాలుడు నవ్వులపాలైనాడు. పట్టుదల కలిగినది. అయితే ఆనాటి పట్టుదలకు మూలం అవమానం. నవ్వినవారి నోళ్ళు మూయించడమే గెలుపు అని ఆ వయసులో ఎవరైనా అనుకొంటారు. విద్య కోసం విద్వాంసుల ఇళ్ళలో పనికి కుదిరినాడు. ఒక ఇంట బట్టలుతకడం పని. మరొక ఇంట వంట. పనులన్నీ వచ్చినవి గాని, సంగీతం మాత్రం రాలేదు.

జోలె, చిన్న డబ్బా

ఆ రోజులలో ఆంధ్రదేశాన సంగీతానికి కళాశాల అంటే విజయనగరమే. విజయనగర సంస్థానాధీశులు 1919లో నెలకొల్పిన ఆ విద్యాలయానికి మొదట హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు, 1936 నుండి వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులు. నలభై రూపాయలు చేసే ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్ముకొని ఘంటసాల విజయనగరం చేరినాడని ఆయన జీవితకథ చెప్పినవారు వ్రాసినారు. తీరా వెళ్ళేసరికి వేసవి సెలవులు. నాయుడుగారిని ప్రార్థించగా కళాశాల ఆవరణలో తలదాచుకొనేందుకు వారు అనుమతించినారు.

భోజనానికి వారాలు కుదిరినవి. నేటి విద్యార్థులకు ఆ మాట తెలియకపోవచ్చును. వారంలో ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకొని, రోజుకొక ఇంట తిని చదువుకొనడమే వారాలు చేసికొనడం. మన పూర్వపండితులలో ఎందరో ఆ అన్నంతో పెరిగినవారే. కాని ఆ ఆసరా కూడ నిలువలేదు. తోటి విద్యార్థులు చేసిన తప్పు ఈ బాలుని తలకు చుట్టుకొన్నది. కళాశాలనుండి వెళ్ళగొట్టినారు. ఆ మాట ఊరిలో పొక్కగానే వారాలు పెట్టే ఇల్లాండ్రు కూడ రావద్దన్నారు. ఎల్లమ్మగుడి దిక్కైనది.

తండ్రి లేడు, విద్య లేదు, తిండి లేదు, చేయని తప్పుకు నింద మాత్రం మిగిలినది. అక్కడితో కథ ముగిసి ఉంటే, ఎల్లమ్మగుడిలో తలదాచుకొన్న మరొక అనాథగా అతనిని లోకం మరచిపోయి ఉండేది.

ఆ గుడికి పట్రాయని సీతారామశాస్త్రిగారు వచ్చినారు. సాలూరి చిన్న గురువుగారని ప్రసిద్ధి. కళాశాలలో గాత్రం బోధించే పండితులు. బాలుని సంగతి అడిగి తెలిసికొని, తన ఇంట ఉచితంగా పాఠం చెబుతానన్నారు. శాస్త్రిగారు కలిగినవారు కారు. శిష్యునికి అన్నం కూడ పెట్టలేని పేదరికం వారిది. అన్నం పెట్టలేనివాడను విద్య ఏమి చెప్పగలనని వారు వెనుదీయలేదు. లేనిదానికి చింతించక, ఉన్నదానిని నిండుగా ఇచ్చినారు.

ఆకలి సంగతి ఒక సాధువు తీర్చినాడు. భుజాన జోలె కట్టి మాధుకరం ఎత్తడం నేర్పినాడు. మధుకరమంటే తుమ్మెద. పువ్వు నొవ్వకుండా పూవుపూవునా కొంచెం తేనె పుచ్చుకొన్నట్లు, ఏ ఇంటికీ భారం కాకుండా ఇంటింటా ఒక్కొక్క ముద్ద తెచ్చుకొనడమే మాధుకరం. పేరులో ఎంత కవిత్వమున్నా, పెరిగే వయసులో పరాయి గడపముందు నిలిచి కేకవేయడం ఎంత కష్టమో వేయించుకొన్నవారికే తెలియవలెను. ఒకపూట తెచ్చిన అన్నం రెండుపూటలకు సరిపుచ్చుకొనేవాడట. మిగిలినదానిని గుడ్డలో మూటకట్టి పెడితే చీమలు పట్టేవి. మేనమామకు జాబు వ్రాసి చిన్న డబ్బా ఒకటి తెప్పించుకొన్నాడు. ఆ జీవితకథ మొత్తంలో నా మనసును పట్టుకొన్న వస్తువు ఆ డబ్బా. ఊరినుండి డబ్బు అడుగలేదు, బట్టలు అడుగలేదు, చీమలు పట్టని డబ్బా మాత్రం అడిగినాడు.

గురువుగారి శిక్షణ ఫలించినది. నిందమోసిన ఆ విద్యాలయంలోనే మళ్ళీ చేరి, నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించినాడు.

గెలుపునకు క్రొత్త అర్థం

కష్టపడితేనే కళ వస్తుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆకలి ఎవరినీ గాయకుని చేయదు. పాడగలిగిన గొంతులను ఎన్నింటినో అది నులిమివేసినది. ఆ బాలుని నిలబెట్టినది కష్టం కాదు. కష్టకాలంలో ఒక గురువు వేసిన ప్రశ్న. 'ఎవరు నాయనా నీవు?' అని అడిగేవారు ఒక్కరు దొరికినారు. అంతే తేడా.

ఆ అనుభవంతో అతని దృష్టిలో గెలుపు అనే మాటకే అర్థం మారినదని నా నమ్మకం. నవ్వినవారిని ఓడించాలని ఇల్లు విడిచినవాడు, విజయనగరం నుండి వెళ్ళేనాటికి ఊరందరికీ ఋణపడి ఉన్నాడు. పేరు తెలియని ఎందరో తల్లులు పెట్టిన ముద్దలు అతనిలో స్వరమైనవి. పోటీలో గెలిస్తే తీరే ఋణం కాదది. ఇంటింటా తిన్నవాడు ఇంటింటికీ పాటను చేర్చవలెను.

తరువాతి దారి కూడ పూలబాట కాదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని చెరసాలకు వెళ్ళినారు. 1944లో సావిత్రిగారితో వివాహమైనది. సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహంతో మద్రాసు చేరినారు. వారి ఇల్లు చిన్నది. వారికి ఇబ్బంది కలిగించడం ఇష్టంలేక, పానగల్ పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలిచ్చి సామాను అక్కడ పెట్టుకొని, పగలంతా అవకాశాలకు తిరిగి, రాత్రి పార్కులో పడుకొన్నారు. 1945 నాటి 'స్వర్గసీమ'లో భానుమతిగారితో పాడినారు. 1949లో 'కీలుగుఱ్ఱం', 'మనదేశం' చిత్రాలకు, 1951లో 'పాతాళభైరవి'కి సంగీతం కూర్చినారు. అటుపై పాతికేళ్ళు తెలుగువారి వీధులలో ఆయన పాట మ్రోగుతూనే ఉన్నది.

తెలుగు బోధించేవానిగా నేను ప్రత్యేకంగా చెప్పవలసినది పద్యాన్ని గురించి. రంగస్థలంమీద పద్యమంటే రాగాలాపన ప్రధానం. ఒక్క పద్యానికి ఎంతోసేపు రాగం తీసేవారు. ఆ వరదలో మాట కొట్టుకొనిపోయేది. కచేరీ పద్ధతి మరొకటి. ఘంటసాల ఈ రెండింటికీ నడుమ ఒక త్రోవ తీసినారు. పదం విరుపు తెలిసి, అర్థం చెడకుండా, రాగం మాటకు నీడవలె నడిచేటట్లు పాడినారు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లో శివశంకరి పాట విన్నవారికి ఆయన శాస్త్రజ్ఞానం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. అంతటి విద్య ఉండికూడ, జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' పద్యాలు పాడినప్పుడు దానిని ప్రదర్శనకు పెట్టలేదు. బడి ముఖం చూడని రైతుకు కూడ ఆ పద్యాలు నోటికి వచ్చినవి. ఛందస్సు తెలియనివాని నోట పద్యం పలికించడంకంటె ఒక విద్వాంసునికి గొప్ప విజయమేమున్నది? పండితసభలో తలలూపించడం ఒక గెలుపు. పొలంగట్టున కూనిరాగమై నిలవడం మరొక గెలుపు. ఆయన రెండవదానిని ఎన్నుకొన్నారు.

గురువు ఋణాన్ని కూడ ఆయన మరువలేదు. శాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు దీర్ఘకాలం ఆయనకు సహాయకులై హార్మోనియంమీద సహకరించినారు. నిండు నూరేళ్ళు బ్రతికి సంగీతరావుగారు 2021లో స్వర్గస్థులైనారు. గురువు ఇంట కూర్చుండి నేర్చిన శిష్యుడు, గురుపుత్రుని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని పాడినాడు.

చివరి పాట

1970లో పద్మశ్రీ బిరుదు లభించినది. ఆ రోజులలోనే హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన గానజీవిత రజతోత్సవం వేలాది జనం నడుమ జరిగినది. లోకం దృష్టిలో విజయమంటే అదే. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చినది. ఆసుపత్రిలో చేరవలసివచ్చినది. ఆ మంచంమీద ఆయన మనసు భగవద్గీత వైపు మళ్ళినది. కోలుకొన్న తరువాత, ఏడువందల శ్లోకాలలో కొన్నింటిని ఎన్నుకొని, తెలుగు తాత్పర్యంతోసహా పాడినారు. 1974 ఫిబ్రవరి 11న, ఏబదియొక్క ఏళ్ళ వయసులో కన్నుమూసినారు. గీత రికార్డు ఆయన మరణానంతరమే వెలువడినది.

తండ్రి మరణశయ్య ప్రక్క కూర్చున్న పదకొండేళ్ళ బాలుడు విన్న మాట సంగీతాన్ని గురించి. నలభై ఏళ్ళ తరువాత తన గుండె తడబడుతున్నప్పుడు ఆయన చేసిన పని మళ్ళీ సంగీతమే. మృత్యువు ముందు కూర్చుండి పాడడం ఆయనకు క్రొత్త కాదు. అందుకేనేమో, తెలుగునాట ఏ ఇంట దీపం కొండెక్కినా ఓదార్పునకు ఆ కంఠాన్నే పిలుచుకొంటున్నాము. ఇంటింటికీ వెళ్ళి చేయిచాచిన బాలుడు, ఇంటింటి దుఃఖానికి చేయూతయైనాడు. నింద మోపి వెళ్ళగొట్టబడిన ఆ విద్యార్థి పేరుతోనే నేడు విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల నడుస్తున్నది.

ఈ కథ ముగించేసరికి తరగతిలో నవ్వు లేదు. ఆ పిల్లవాడు ఏమీ మాట్లాడలేదు. నాలుగు దినాల తరువాత నా గదికి వచ్చి, 'పుష్పవిలాపం' పద్యాలున్న పుస్తకం ఉన్నదా అని అడిగి తీసికొనిపోయినాడు. మళ్ళీ పాడుతున్నాడా అంటే, నాకు వినిపించలేదు. నేనూ పాడమనలేదు. ఒకమారు మాత్రం మధ్యాహ్నం ఏమి తిన్నావని అడిగినాను. ఏమీ తినలేదన్నాడు. నెలల తరబడి నా ఎదుట కూర్చున్న విద్యార్థిని ఆ చిన్న ప్రశ్న అడగడానికి నాకు అంతకాలం పట్టినది.

మన తరగతులలో గాయకులున్నారో లేదో మనకు తెలియదు. అన్నం డబ్బా లేకుండా వచ్చిన పిల్లవాడెవరో తెలిసికొనడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. సీతారామశాస్త్రిగారు ఎల్లమ్మగుడిలో చేసిన పని అంతకంటె పెద్దదేమీ కాదు.